జబ్బు ఒకరిది, పథ్యం ఇద్దరిది

నాందేడ్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో జిల్లా. ఆ తర్వాత బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి పోయింది గానీ బిలోలి, దేగ్లూరు, ధర్మాబాద్ వైపు ఇళ్ళలో తెలుగు మాత్రం పోలేదు. అటు నిజామాబాద్, నిర్మల్ ఊళ్ళతో పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు ఇప్పటికీ సాగుతున్నాయి. అందుకే ఇక్కడి తెలుగు కాపురాల్లో భర్త చదువు మరాఠీలో, భార్య చదువు తెలుగులో ఉండటం మామూలే. ఇలాంటి ఇంట్లో ఒకరికి గుండె జబ్బు వస్తే, మిగిలిన బతుకంతా దాన్ని ఇద్దరూ కలిసి మోయడం ఎలాగన్నదే ఈ సంవాదం. మాట్లాడేది ఒక అక్క, ఒక తమ్ముడు. ఇద్దరూ వాదం కోసం కల్పించినవాళ్ళే. నేను అక్క పక్షం. అయితే తమ్ముడి అభ్యంతరాలకు జవాబు చెప్పకుండా ఆ పక్షం నిలవదు కాబట్టి ముందు అతన్నే మాట్లాడనిస్తున్నాను.

తమ్ముడు: అక్కా, గుండె జబ్బుకు మందుంది, ఆపరేషన్ ఉంది. మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంట్ వేస్తారు, కుదరకపోతే బైపాస్ చేస్తారు. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం స్టెంట్ల ధరకు కట్టడి పెట్టింది. అంతకుముందు లక్ష దాటిన మందుపూత స్టెంట్ 29,600 రూపాయలకు దిగింది. మహారాష్ట్రలో మహాత్మా జ్యోతిరావు ఫులే జన ఆరోగ్య యోజన ఉంది, సరిహద్దు అవతల తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉంది. విష్ణుపురిలో శంకర్‌రావ్ చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల దవాఖాన ఉంది. అక్కడ కాదంటే రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. ఇన్ని ఉండగా మొగుడూ పెళ్ళాల మధ్య సఖ్యత ఎంతుందని అడగడం దేనికి? కాపురం బాగుంటే సంతోషమే. దాన్ని చికిత్సలో భాగమంటే మాత్రం నాకు భయమేస్తుంది. డాక్టరు చేయాల్సిన పని మెల్లగా ఇంటి మీదికి తోసేసి, రోగి పోయిననాడు "మీరు సరిగ్గా చూసుకోలేదు" అనడానికి ఒక దారి దొరుకుతుంది.

అక్క: స్టెంట్‌ను నేను తక్కువ చేయను తమ్మీ. నొప్పి మొదలైన కొద్ది గంటల్లోపు దవాఖాన చేరి బతికినవాళ్ళు వైద్యం పుణ్యాన బతికినవాళ్ళే. కానీ దవాఖానలో ఉండేది కొద్ది రోజులు. మన దేశంలో గుండె జబ్బు పాశ్చాత్య దేశాలకన్నా దాదాపు పదేళ్ళు ముందే వస్తుందని వైద్యులు ఎన్నాళ్ళుగానో చెబుతున్నారు. యాభైలో గుండెపోటు తట్టుకున్న మనిషికి ఇంకా ఇరవై ఏళ్ళ బతుకు ఉండొచ్చు. ఆ ఇరవై ఏళ్ళ వైద్యం జరిగేది వంటింట్లో, మంచం పక్కన. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే రెండు రకాల గోలీలు మామూలుగా ఏడాదిపాటు ఆపకూడదు. డాక్టరును అడగకుండా మధ్యలో మానేస్తే వేసిన స్టెంటే మూసుకుపోవచ్చు. గుండె పంపింగ్ తగ్గినవాళ్ళయితే రోజూ పొద్దున, మూత్రానికి పోయొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టు లెక్క. అప్పుడే ఫోన్ చేస్తే డాక్టరు గోలీ మోతాదు మారుస్తాడు. వారం ఆగితే ఆక్సిజన్ దాకా పోతుంది. ఆ రెండు కిలోలను కనిపెట్టే అవకాశం ఇంట్లోవాళ్ళకే ఉంది, ఎంత పేరున్న కార్డియాలజిస్టుకూ లేదు. డాక్టరు పని ఇంటి మీదికి తోసేస్తారని నీ భయం. పని ఇప్పటికే ఇంటి మీద ఉంది. అది ఎలా చేయాలో ఇంటికి ఎవరూ చెప్పడం లేదన్నదే నా బాధ.

తమ్ముడు: సరే, గోలీలు వేసుకోవాలి, బరువు చూసుకోవాలి. ఆ పని ఎవరైనా చేయొచ్చు గదా. కొడుకు చేయొచ్చు, కోడలు చేయొచ్చు, రోగే చేసుకోవచ్చు. మనవి ఇద్దరే ఉండే ఇళ్ళు కూడా కావు. భార్యాభర్తల మధ్య ఏముందన్నది ప్రాణాన్ని పట్టి ఉందనడానికి రుజువేదీ?

అక్క: రుజువు ఉంది. 2001లో జేమ్స్ కోయిన్, మైకేల్ రోర్‌బాగ్ బృందం అమెరికాలో పంపింగ్ దెబ్బతిన్న 189 మంది రోగులను, వాళ్ళ భార్యలను లేదా భర్తలను తీసుకుని ఒక అధ్యయనం ప్రచురించింది. కాపురం ఎలా ఉందో ముందే కొలిచి, నాలుగేళ్ళ పాటు ఎవరు బతికారో ఎవరు పోయారో చూశారు. నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేవాళ్ళు, మెట్లెక్కితే గానీ రానివాళ్ళు అంటూ జబ్బు తీవ్రతను డాక్టర్లు తరగతులుగా విడగొడతారు. ఎవరు ఎక్కువ కాలం బతుకుతారో ఆ తరగతి ఎంత బాగా ముందే చెప్పిందో, కాపురం తీరు కూడా దాదాపు అంతే బాగా చెప్పింది. దానికి ఏడాది ముందు, 2000లో, స్వీడన్ నుంచి ఓర్త్-గోమెర్ బృందం పరిశోధన వచ్చింది. స్టాక్‌హోమ్‌లో గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరిన 30 నుంచి 65 ఏళ్ళ ఆడవాళ్ళను దాదాపు అయిదేళ్ళు గమనించారు. భర్తతో కలిసి ఉంటున్నవాళ్ళలో, కాపురంలో తీవ్రమైన కలతలున్న వాళ్ళకు గుండెజబ్బు మళ్ళీ తిరగబెట్టే ముప్పు మిగతావాళ్ళకన్నా దాదాపు మూడింతలుంది. ఉద్యోగంలో ఒత్తిడికి మాత్రం అలాంటి సంబంధం కనిపించలేదు. ఇక నీ ఉమ్మడి కుటుంబం మాట. ఇంట్లో పది మంది ఉండొచ్చు. రాత్రి రెండింటికి పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చున్నాడని, నిన్న ఒక్క దిండు చాలినవాడికి ఇవాళ మూడు కావాల్సి వచ్చాయని పక్కన పడుకున్న మనిషికే తెలుస్తుంది. ఒంట్లో నీరు చేరుతోందనడానికి అది నమ్మదగిన గుర్తు.

తమ్ముడు: నువ్వు చెప్పిన లెక్కలు నిజమే కావచ్చు. వాటిని తిప్పి చదవొచ్చు కూడా. జబ్బు ముదిరినవాడికి కోపం ఎక్కువ, డబ్బు ఇబ్బంది ఎక్కువ, దాంతో కాపురం చెడుతుంది. అతను త్వరగా పోతాడు కూడా. చెడిన కాపురం చంపిందా, ముదిరిన జబ్బే రెంటినీ చేసిందా? పైగా అవి అమెరికా కాపురాలు, స్వీడన్ కాపురాలు. కలతలొస్తే విడిపోయే దారి ఉన్న సమాజాలు. మన దగ్గర కలతలున్నా కలిసే ఉంటారు. అక్కడి ఫలితాన్ని తెచ్చి ఇక్కడ బిలోలి మీద పెడితే ఎలా?

అక్క: మొదటిది న్యాయమైన ప్రశ్న. పరిశీలించి చూసిన అధ్యయనాలతో కారణం పూర్తిగా రుజువు కాదు. అయితే ఆ పరిశోధకులు జబ్బు తీవ్రతను కూడా లెక్కలోకి తీసుకున్నారు, అయినా కాపురం ప్రభావం మిగిలింది. ఇది పూర్తిగా తేలిందనలేం గానీ, ఈ సంబంధం వెనక ఉన్న దారులు వైద్యానికి తెలిసినవే. గుండెపోటు వచ్చిన వాళ్ళలో దాదాపు అయిదుగురిలో ఒకరికి డిప్రెషన్ ఉంటుంది. దిగులు పట్టిన మనిషి గోలీ మరిచిపోతాడు, నడక మానేస్తాడు, తంబాకు మళ్ళీ పట్టుకుంటాడు. ఆ దిగులును ఇంట్లో మాట పెంచనూ పెంచుతుంది, తగ్గించనూ తగ్గిస్తుంది. రెండో ప్రశ్న నీ వాదానికి ఎదురు తిరుగుతుంది తమ్మీ. విడిపోయే దారి లేని చోట కలతలు రోజూ తాకుతాయి. ముప్పై ఏళ్ళుగా ఒకే ఇంట్లో మాటల్లేకుండా ఉన్న ఇద్దరిలో ఒకరికి ఛాతీ నొప్పి వస్తే, దాన్ని గ్యాస్ అని ఊరుకోకుండా రెండోవాళ్ళతో చెప్పుకునే చనువు ఉండాలా వద్దా? నొప్పి మొదలైనప్పటి నుంచి దవాఖాన గుమ్మం దాకా పోయిన గంటల్లోనే గుండె కండరం చచ్చిపోతుంది.

తమ్ముడు: అయితే నీ వాదం నా దారికే వచ్చింది. భార్య గట్టిగా ఉండాలి. మనవాళ్ళకు చెబితే వినే అలవాటు లేదు. తొక్కు లేనిదే ముద్ద దిగదు, భోజనం కాగానే తంబాకు. కాపలా పెడితే తప్ప మారరు. బీడీ జేబులోంచి తీసి పారేయాలి, ఉప్పు డబ్బా దాచేయాలి, మెట్లెక్కనివ్వకూడదు, బరువు మోయనివ్వకూడదు, చెడ్డ వార్త చెవిన పడనివ్వకూడదు. మన ఇళ్ళలో ఆడవాళ్ళు అలా కాపాడుకున్న మొగుళ్ళే ఎక్కువ కాలం బతికారని ఊరంతా అంటుంది.

అక్క: ఇక్కడే మన దారులు విడిపోతాయి. పొగ, తంబాకు సంగతిలో నీ పట్టుదలను కాదనను. గుండె జబ్బు వచ్చాక సిగరెట్ మానేసినవాళ్ళలో చావు ముప్పు మూడో వంతుకు పైగా తగ్గిందని 2003లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది. అంత మేలు చేసే గోలీలు అరుదు. కానీ మానాలన్న నిర్ణయం పెళ్ళాం జేబులు వెతకడంతో రాదు, ఇంటి బయట బోలెడు పాన్‌డబ్బాలున్నాయి. 1991లో కోయిన్, స్మిత్ గుండెపోటు వచ్చిన మగవాళ్ళ భార్యలను పరిశీలించి మూడు తీరులు చెప్పారు. ఒకటి, జబ్బు గురించి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని పని పంచుకోవడం. రెండు, భార్య తన భయాన్ని, ఇంటి కష్టాన్ని భర్తకు కనబడకుండా మింగేయడం. మూడు, చేతికి పని అందనివ్వకుండా అతి జాగ్రత్త పడటం. మింగేసుకునే భార్యకే దిగులు ఎక్కువని వాళ్ళు చూశారు. అతి జాగ్రత్త మాట కూడా తేలిగ్గా తీసుకునేది కాదు. మెట్లెక్కొద్దు, సంచి పట్టొద్దు అని నెలల తరబడి విన్న మనిషి తన గుండె పగిలిన కుండ అని నమ్మేస్తాడు. నడవాల్సిన నడక నడవడు. పొలం పని, దుకాణం పని డాక్టరు చేయొచ్చన్నా చేయడు. బతికించాలనే ఆరాటంతోనే మనిషిని మంచానికి కట్టేసినట్టవుతుంది.

తమ్ముడు: ఆమె భయపడక ఏం చేస్తుంది? కళ్ళ ముందు చెమటలు పట్టి పడిపోయిన మనిషి. డాక్టరు నడవొచ్చని ఒక్క మాట అంటాడు, ఆమె కళ్ళకు ఆ పడిపోవడమే కనిపిస్తుంది. భయపడకు అని చెప్పినంత తేలికా భయం పోవడం?

అక్క: మాటతో పోదు, నిజమే. ఎలా పోతుందో స్టాన్‌ఫర్డ్‌లో చేసి చూశారు. ఆ ఫలితం 1985లో అచ్చయింది. గుండెపోటు వచ్చి దాదాపు మూడు వారాలైన ముప్పై మంది మగవాళ్ళకు ట్రెడ్‌మిల్ పరీక్ష చేశారు. పది మంది భార్యలు పరీక్ష చూడనే లేదు. పది మంది పక్కన నిలబడి భర్త నడవడం చూశారు. మిగతా పది మంది చూడటంతో ఆగకుండా, భర్త ఎంత వేగంలో, ఎంత ఎత్తులో ఆఖరికి నడవగలిగాడో అదే స్థాయిలో తామూ ఆ యంత్రమెక్కి మూడు నిమిషాలు నడిచారు. చూడనివాళ్ళకు, ఊరికే చూసినవాళ్ళకు భర్త శక్తి మీద నమ్మకం తక్కువే ఉండిపోయింది. తామూ నడిచి రొప్పినవాళ్ళకు మాత్రం, ఈయన గుండె ఇంత తట్టుకుంటుందా అన్నది సొంత కాళ్ళకు తెలిసింది. వాళ్ళ నమ్మకం భర్తల నమ్మకంతో సమానమైంది. ఇందులో ఖరీదైన మందేమీ లేదు. ట్రెడ్‌మిల్ పరీక్ష గది బయట బెంచీ మీద కూర్చోబెట్టే మనిషిని లోపలికి పిలవడమే. అక్కడ యంత్రం ఎక్కించకపోయినా, డాక్టరు నడవమన్న దూరం గోదావరి ఒడ్డునో, కాలనీ రోడ్డు మీదో ఇద్దరూ కలిసి నడిస్తే ఆమె భయానికి అంతకన్నా మంచి వైద్యం లేదు.

తమ్ముడు: ఒక్క సంగతి అడుగుతా, తప్పుగా అనుకోకు. ఇద్దరిదీ, ఇద్దరిదీ అంటున్నావు. మన ఇళ్ళలో "ఇద్దరిదీ" అంటే చివరికి ఆడమనిషిదే. ఉప్పు లేని కూర విడిగా వండేది ఆమె, బరువు రాసేది ఆమె, రాత్రి మేలుకునేది ఆమె. పొలానికి పోయేదీ, బీడీలు చుట్టేదీ ఆమే. ఇప్పుడు నువ్వు పరిశోధనలు చూపించి, మొగుడి ప్రాణం నీ ప్రవర్తనలో ఉందని కూడా ఆమె నెత్తిన పెడుతున్నావు. ఆమెకే గుండె జబ్బు వస్తే ఎవరు చేస్తారు?

అక్క: నా వాదానికి ఇంతకన్నా గట్టి అభ్యంతరం లేదు. అందుకే ఇది రెండు వైపులా నడవకపోతే నా వాదం చెల్లదంటాను. స్వీడన్‌లో చూసింది ఆడవాళ్ళనే అన్నది మరిచిపోకు. అమెరికా అధ్యయనంలో కూడా కాపురం ప్రభావం రోగి భార్య అయినప్పుడు ఇంకా గట్టిగా కనిపించింది. మన పక్క పేద ఇళ్ళలో చిన్నప్పటి గొంతునొప్పి, కీళ్ళ జ్వరం తర్వాత గుండె కవాటం చెడిన ఆడపిల్లలున్నారు. అలాంటి పిల్లకు పెళ్ళయ్యాక కూడా మూడు వారాలకో, నెలకో ఒకసారి పెన్సిలిన్ సూది తప్పకూడదు. కవాటం మార్చి లోహపు కవాటం పెడితే బతికినన్నాళ్ళూ రక్తం పలచన చేసే గోలీ వేసుకోవాలి, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష తరచూ చేయించాలి. ఆ గోలీల్లో కొన్ని గర్భంలో బిడ్డ అవయవాలు ఏర్పడే తొలి నెలల్లో హాని చేస్తాయి. కాబట్టి బిడ్డ కావాలా, ఎప్పుడు కావాలన్నది నెల తప్పకముందే డాక్టరుతో భర్త కూడా కూర్చుని తేల్చుకోవాల్సిన మాట. ఆమె సూది తేదీ ఆయనకు గుర్తుందా? పరీక్ష రోజు ఆయన దుకాణం మూస్తాడా? జబ్బు ఆమెదైనప్పుడు పుట్టింటికి పంపేసి, తనదైనప్పుడు కాపలా కోరే మగవాడి గురించి నేను మాట్లాడటం లేదు. విడిగా వండే కూర మాట కూడా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు మనిషికి అయిదు గ్రాముల లోపు ఉప్పు, అంటే ఒక టీ చెంచాకన్నా కాస్త తక్కువ, చాలంటుంది. ఆ హద్దు జబ్బున్నవాళ్ళకే పెట్టింది కాదు, పెద్దవాళ్ళందరికీ పెట్టింది. కుండ మొత్తానికే ఉప్పు తగ్గించి, తొక్కు, పాపడ్, ఫర్సాణ్ రోజూ కంచంలోకి రాకుండా చూస్తే ఆమెకు రెండో వంట తప్పుతుంది, ఆమె బీపీ కూడా దిగుతుంది. పథ్యం ఇద్దరిదన్నది అందుకే.

తమ్ముడు: నువ్వు చెప్పేదంతా మాటలతో నడిచేది. మనవాళ్ళు మాట్లాడుకోరక్కా. అరవై ఏళ్ళాయన పెళ్ళాంతో "నాకు భయంగా ఉంది" అంటాడా? ఇంకా కొన్ని సంగతులైతే డాక్టరు ముందు కూడా నోరు రాదు.

అక్క: నోరు రాని ఆ సంగతి వల్లే ఎన్నో కాపురాలు మౌనంగా విడిపోతున్నాయి, ఒకే ఇంట్లో ఉంటూనే. గుండెపోటు తర్వాత పడక వేరైపోతుంది. ఆయన తనకు శక్తి పోయిందనుకుంటాడు, ఆమె తన వల్ల మళ్ళీ నొప్పి వస్తుందేమోనని వణుకుతుంది. ఎవరూ అడగరు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో దీని మీద ప్రత్యేకంగా ఒక ప్రకటన వెలువరించింది. జబ్బు కుదురుగా ఉండి, ఆపకుండా రెండంతస్తుల మెట్లు నొప్పీ ఆయాసమూ లేకుండా ఎక్కగలిగితే చాలామందికి దాంపత్య జీవితం ప్రమాదం కాదన్నది వైద్యులు మామూలుగా చెప్పే కొలత. ప్రమాదం మరోచోట ఉంది. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ గోలీలు వాడేవాళ్ళు సిగ్గుపడి, డాక్టరుకు చెప్పకుండా మెడికల్ షాపులో వయాగ్రా రకం గోలీ కొనుక్కుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అడగడానికి సిగ్గుపడితే ఇంత దూరం వస్తుంది. పెద్ద పెద్ద మాటలు మాట్లాడుకోమని నేను ఎవరినీ అనడం లేదు. పని పంచుకోమంటున్నాను. బరువు ఆయన చూసుకుంటాడు, ఆమె కేలండర్ మీద రాస్తుంది. గోలీల డబ్బా ఆయనే నింపుకుంటాడు, ఆదివారం ఇద్దరూ ఒకసారి చూస్తారు. హైదరాబాద్ బస్సెక్కే రోజు దారిలో మూత్రానికి ఆపరని చాలామంది మూత్రం గోలీ మానేస్తారు. అది మానకుండా ఏ వేళకు వేసుకోవచ్చో ముందే డాక్టరును అడగడం ఒకరి వంతు. మాటలు రాని కాపురంలో కూడా ఇలాంటి పనులు చేతుల మీదుగా జరిగిపోతాయి. ఆ పనుల్లోంచే మెల్లగా మాట పుడుతుంది.

తమ్ముడు: ఆ కేలండర్ మీద ఏం రాయాలో ఆమెకు చెప్పేదెవరు? డిశ్చార్జ్ రోజు చేతిలో పెట్టే కాగితం చూశావు గదా. గోలీల పేర్లు ఇంగ్లిషులో, పక్కన 1-0-1, 0-0-1. ఆ అంకెల్ని బట్టి పొద్దున, రాత్రి అని మెడికల్ షాపువాడు చెబుతాడు. రెండు కిలోలు, మూడు దిండ్లు, మానకూడని గోలీ — ఇవి అందులో ఉన్నా చదివేవాళ్ళు లేరు. డాక్టరు ఆయనతో మరాఠీలో మాట్లాడతాడు. నిజామాబాద్ నుంచి వచ్చిన ఆమె తలుపు దగ్గర నిలబడి తలూపుతుంది. భార్యాభర్తల్ని ఎంత మార్చినా ఈ గది మారకపోతే లాభం లేదు.

అక్క: ఈ ఒక్క మాటలో మనిద్దరం ఒక పక్షమే. కాపురాన్ని చికిత్సలో భాగం చేయడమంటే బాధ్యతను ఇంటి మీదికి నెట్టడం కాదు. వైద్యానికి ఆ ఇంటి పట్ల ఉన్న బాకీ పెరుగుతుంది. ఓపీ గదిలో రోగికి ఒక కుర్చీ ఉంటే తోడొచ్చినవాళ్ళకు రెండోది ఉండాలి. చెప్పినదాన్ని ఇద్దరిచేతా తిరిగి చెప్పించుకోవాలి, ఎవరికి వచ్చిన భాషలో వాళ్ళచేత. రోగి బీపీ చూసినప్పుడు పక్కనున్న మనిషి బీపీ కూడా చూడాలి, ఎందుకంటే ఏళ్ళ తరబడి మోసేది ఆ ఒళ్ళే. ఇవేవీ పెద్ద బడ్జెట్ అడిగేవి కావు.

తమ్ముడు: చికిత్స మందులదే అన్న నా మాట ఇంకా పూర్తిగా వదలను. మంచి కాపురం మూసుకుపోయిన నాళాన్ని తెరవదు. కాపలాతో బతికినవాళ్ళు లేరనీ ఒప్పుకోను. కానీ కాపలా కాసేవాళ్ళకు నష్టముందని, కాపలాలో ఉన్నవాళ్ళు నడక మరిచిపోతారని ఒప్పుకుంటా. ఉప్పు కుండ మొత్తానికి తగ్గించాలన్నది కూడా. మిగతాది డాక్టర్లు చేసి చూపిస్తే నమ్ముతా.

అక్క: నాకు అంతే చాలు. డాక్టర్లు చేసేదాకా ఆగనక్కర్లేదు, అడగడం మొదలుపెట్టొచ్చు. వచ్చే నెల పరీక్షకు పోయే ప్రతి జంటా ఇద్దరూ లోపలికి పోవాలి. బరువెంత పెరిగితే ఫోన్ చేయాలి, ఏ గోలీ ఎట్టి పరిస్థితిలోనూ మానకూడదు, ఎంత దూరం నడవొచ్చు — ఈ మూడు ప్రశ్నలు జబ్బున్నవాళ్ళు కాకుండా రెండోవాళ్ళు అడగాలి. జవాబు తమకొచ్చిన లిపిలో ఇద్దరూ రాసుకోవాలి, తెలుగైతే తెలుగు, మరాఠీ అయితే మరాఠీ. రోగి భార్య అయినప్పుడు ఆ మూడు ప్రశ్నలూ అడగాల్సింది భర్త.